హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరం, ఎంత సమయం: ఏ లెక్క దేనికి పనికొస్తుంది

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు ఎంత దూరమని ఇంటర్నెట్‌లో వెతికితే ఒకచోట 14,400 అని, ఒకచోట 8,950 అని, మరోచోట 7,775 అని కనిపిస్తుంది. ఈ మూడూ సరైనవే. మొదటిది కిలోమీటర్లు, రెండోది మైళ్లు, మూడోది నాటికల్ మైళ్లు. మైలంటే 1.609 కి.మీ., నాటికల్ మైలంటే 1.852 కి.మీ. ప్రయాణ సమయం గురించి వెతికితే ఇంకా గందరగోళం. పదహారున్నర గంటలని ఒకరు, ఇరవై రెండు గంటలని మరొకరు చెబుతారు. టిక్కెట్టు చూస్తేనేమో బయలుదేరిన రోజు సాయంత్రమే దిగుతున్నట్టు ఉంటుంది.

ఈ అంకెలు ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. రెండు విమానాశ్రయాల మధ్య గీత పొడవెంత, విమానం గాలిలో ఎంతసేపు ఉంటుంది, ఇంట్లో బయలుదేరిన మనిషి అవతలి ఇంటికి చేరడానికి ఎంతసేపు పడుతుంది అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. టిక్కెట్టు ఎంచుకోవడానికి మూడోదే కావాలి. చాలామంది మొదటి ప్రశ్నకు జవాబు చూసుకుని మూడోదాని మీద నిర్ణయం తీసుకుంటారు. తొలిసారి అమెరికా వెళ్తున్న తల్లిదండ్రులకు పిల్లలు టిక్కెట్లు తీసేటప్పుడు ఈ పొరపాటు జరిగితే, ఆ భారమంతా మోసేది పెద్దవాళ్లే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

గ్లోబు మీద గీసిన గీత

దూరం చెప్పే వెబ్‌సైట్లన్నీ లెక్కించేది గ్రేట్ సర్కిల్ దూరాన్నే. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారాన్ని బిగుతుగా లాగి పట్టుకుంటే అది నిలిచే దారే ఈ గీత. గోడకు తగిలించే చదునైన పటంలో అమెరికా మనకు పడమటి దిక్కున ఉన్నట్టు కనబడుతుంది కాబట్టి, విమానం అరేబియా మీదుగా, అట్లాంటిక్ మీదుగా నేరుగా పోతుందని అనుకుంటాం. కానీ హైదరాబాద్ తూర్పు రేఖాంశం 78.43 దగ్గర, డల్లాస్ పశ్చిమ రేఖాంశం 97.04 దగ్గర ఉన్నాయి. రెంటి మధ్య తేడా 175 డిగ్రీల పైనే. అంటే భూగోళానికి ఒకటి ఇటువైపు, మరొకటి దాదాపు అటువైపు. వాటి మధ్య అతి దగ్గరి దారి మధ్య ఆసియా, సైబీరియాల మీదుగా పైకి వెళ్లి, ఉత్తర ధ్రువానికి సుమారు 500 కి.మీ. దూరంలోంచి దాటి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. పిల్లలకు భూగోళం నేర్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఈ గీతను కొలవడానికి మూడు మార్గాలున్నాయి. గూగుల్ మ్యాప్స్‌ను కంప్యూటర్‌లో తెరిచి, ఒక విమానాశ్రయం మీద కుడి క్లిక్ చేసి దూరం కొలిచే సదుపాయాన్ని ఎంచుకుని, రెండోదాని మీద నొక్కితే దూరం వచ్చేస్తుంది. ఒక్కసారి చూసుకోవడానికి అది చాలు. నాలుగైదు మార్గాలను పోల్చాలంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ వంటి వెబ్‌సైట్ మేలు. విమానాశ్రయాల కోడ్‌లను వరుసగా ఇస్తే, మధ్యలో ఆగే చోటుతో సహా మొత్తం దూరాన్ని పటం మీద గీసి చూపిస్తుంది. పెద్ద జాబితా ఉంటేనే ఎక్సెల్ జోలికి వెళ్లాలి. డిగ్రీలను ముందుగా రేడియన్లుగా మార్చాలి. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించి ఒక పక్కన ఉంచుకోవాలి. రెండు అక్షాంశాల కొసైన్‌లను గుణించి, ఆ లబ్ధాన్ని రేఖాంశాల తేడా కొసైన్‌తో మళ్లీ గుణించాలి. ఈ రెండూ కలిపి, వచ్చిన విలువకు విలోమ కొసైన్ తీసుకుని, భూమి సగటు వ్యాసార్ధం 6,371తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. భూమి ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకుపోయి ఉండటం వల్ల అరశాతం వరకు తేడా రావచ్చు. టిక్కెట్టు ఎంపికకు ఆ తేడా లెక్కలోకి రాదు.

లెక్కలోకి వచ్చే తప్పులు వేరే ఉన్నాయి. పశ్చిమ రేఖాంశాలకు మైనస్ గుర్తు పెట్టాలి. డల్లాస్ రేఖాంశానికి ఆ గుర్తు మరిచిపోతే మీ డల్లాస్ టిబెట్ పీఠభూమి మీద తేలుతుంది, దూరం 2,550 కి.మీ. అని వస్తుంది. రెండోది మన ఊరి పేరుతోనే వచ్చే చిక్కు. పాకిస్తాన్‌లోని సింధ్‌లో కూడా హైదరాబాద్ ఉంది, దానికీ విమానాశ్రయం ఉంది. ఊరి పేరు టైపు చేసే చోట ఏ హైదరాబాద్ ఎంపికైందో చూసుకోవాలి. మన శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ, అక్కడిది హెచ్‌డీడీ. ఎప్పుడూ కోడ్‌తో వెతకడమే క్షేమం.

దూరం ఎక్కడ తేలుస్తుంది, ఎక్కడ తేల్చదు

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి ఎక్కడో ఒకచోట మారాలి. దుబాయ్ మీదుగా వెళ్తే మొదటి అంచె 2,550, రెండో అంచె 12,940, మొత్తం 15,490 కి.మీ. దోహా మీదుగా దాదాపు 15,680. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 7,120, 8,260 కలిపి 15,380. లండన్ మీదుగా 15,390. నాలుగింటిలో అన్నింటికంటే పొడవైనదానికీ పొట్టిదానికీ మధ్య తేడా 300 కి.మీ. పెద్ద విమానానికి అది ఇరవై నిమిషాల పని. కాబట్టి డల్లాస్ వెళ్లేవాళ్లు దుబాయ్ దగ్గరా, ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరా అన్న చర్చ పెట్టుకోనవసరం లేదు. దూరం ఇక్కడ ఏమీ తేల్చదు.

శాన్‌ఫ్రాన్సిస్కో సంగతి వేరు. అక్కడికి గీత పొడవు సుమారు 13,540 కి.మీ. హాంకాంగ్ మీదుగా అయితే 14,880, దుబాయ్ మీదుగా 15,590, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా దాదాపు 16,270, సింగపూర్ మీదుగా 16,900. మొదటిదానికీ చివరిదానికీ రెండు వేల కిలోమీటర్ల తేడా, అంటే రెండు గంటలకు పైగా. అమెరికా పశ్చిమ తీరానికి వెళ్లేవాళ్లు అలవాటుగా గల్ఫ్ వైపే చూస్తారు. తూర్పు దిక్కున హాంకాంగ్ దారి ఇంత దగ్గరని లెక్క వేస్తేనే తెలుస్తుంది. కనుక దూరం లెక్కను జల్లెడగా వాడుకోండి. ఐదారు మార్గాల్లో మరీ చుట్టు తిరిగేవాటిని తీసేయడానికి అది చక్కగా పనికొస్తుంది. మిగిలిన రెండు మూడింటిలో ఏది మేలో చెప్పే శక్తి దానికి లేదు.

గాలిలో గడిచే సమయం

దూరాన్ని వేగంతో భాగిస్తే సమయం వస్తుందని బడిలో నేర్చుకున్నాం. విమానానికి అంతటితో సరిపోదు. రన్‌వే దాకా నెమ్మదిగా నడవాలి, పైకెక్కాలి, దిగాలి, రద్దీ ఉంటే దిగడానికి ముందు ఆకాశంలో చుట్లు కొట్టాలి. నిర్దేశించిన వాయుమార్గాల్లోనే పోవాలి కాబట్టి గీతకంటే కొంత ఎక్కువ దూరం ఎగరాలి. ఐక్యరాజ్యసమితి పౌర విమానయాన సంస్థ ఐకావో తన కర్బన ఉద్గారాల లెక్కలో ఈ అదనపు దూరం కింద చిన్న ప్రయాణాలకు 50, మధ్యస్థాలకు 100, 5,500 కి.మీ. దాటినవాటికి 125 కి.మీ. కలుపుతుంది. ప్రయాణికుడు ఇంకాస్త ఎక్కువే కలుపుకోవాలని నా అభిప్రాయం.

నేను వాడే లెక్క ఇది. గీత దూరానికి ఐదు శాతం కలపండి. సుదూర ప్రయాణాలకు వాడే పెద్ద విమానమైతే గంటకు 880తో, దేశంలో తిరిగే ఎయిర్‌బస్ 320 తరహా విమానమైతే 800తో, రెక్కలకు ప్రొపెల్లర్లు ఉండే ఏటీఆర్ అయితే 480తో భాగించండి. వచ్చినదానికి అరగంట చేర్చండి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ 1,260 కి.మీ. ఈ లెక్క ప్రకారం రెండు గంటల పది నిమిషాలు వస్తుంది, టైమ్‌టేబుల్‌లోనూ కాస్త అటూ ఇటూగా అంతే ఉంటుంది. దుబాయ్ నుంచి డల్లాస్‌కు దాదాపు పదహారు గంటలు. ఆ విమానం నిజంగానే అంతసేపు ఎగురుతుంది.

ఈ లెక్కకు అందనివి రెండు: గాలి, సరిహద్దులు.

పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి ప్రవాహం ఉంటుంది. అమెరికా నుంచి తూర్పు దిక్కుగా ఇంటికి వస్తుంటే అది వెనక నుంచి తోస్తుంది, పడమటి దిక్కుగా వెళ్తుంటే ఎదురొడ్డుతుంది. చలికాలంలో దాని జోరు మరింత ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల సాయంతో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా ఆ ప్రయాణానికి ఆరు గంటలకు పైగా పడుతుంది. అందువల్ల పోయేటప్పటి సమయం చూసి వచ్చేటప్పుడూ అంతే అనుకోకూడదు. ఇలాంటి సుదూర మార్గాల్లో రెండు దిక్కుల మధ్య గంటన్నర, రెండు గంటల తేడా మామూలే.

గాలి ఎంత మార్చగలదో ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు 2016 అక్టోబరులో చూపించింది. అంతకుముందు అట్లాంటిక్ మీదుగా వెళ్లే ఆ విమానాన్ని పసిఫిక్ మీదుగా తూర్పు దిక్కుకు మళ్లించారు. కొత్త దారి సుమారు 15,300 కి.మీ., పాతదానికంటే దాదాపు 1,400 కి.మీ. ఎక్కువ. అయినా వెనక గాలి తోడవడంతో పద్నాలుగున్నర గంటల్లో చేరింది. రెండు గంటలకు పైగా ఆదా అయింది. ఎక్కువ దూరం, తక్కువ సమయం! తక్కువ దూరమే తక్కువ సమయమని ఎవరైనా వాదిస్తే ఈ ఒక్క ఉదాహరణ చాలు.

సరిహద్దుల విషయం ఇంకా కఠినం. గీత ఏ దేశం మీదుగా పోతుందో ఆ దేశం అనుమతించాలి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, యూరప్ విమాన సంస్థలకు రష్యా గగనతలం మూతబడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారత విమాన సంస్థలకు మూసేసింది. దానితో ఢిల్లీ నుంచి పడమటి దిక్కుకు వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అమెరికా వెళ్లేవాటిలో కొన్ని ఇంధనం కోసం వియన్నా వంటి చోట్ల దిగాయి. దూరం చెప్పే వెబ్‌సైట్ ఇవేవీ చూడదు. దాని దృష్టిలో ఢిల్లీకీ చికాగోకీ మధ్య దూరం నిన్నా నేడూ ఒక్కటే.

ధ్రువం మీదుగా వెళ్లడం మాత్రం ఊహాగానం కాదు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు వచ్చిన తొలి ఎయిర్ ఇండియా నాన్‌స్టాప్ విమానం ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. దాన్ని నడిపిన నలుగురూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు మన తెలుగమ్మాయి పాపగారి తన్మయి కూడా ఆ కాక్‌పిట్‌లో ఉన్నారు. గీత పొడవు దాదాపు 14,000 కి.మీ., పట్టిన సమయం సుమారు పదిహేడు గంటలు. అదే నెలలో హైదరాబాద్ నుంచి చికాగోకు కూడా నేరుగా విమానం మొదలైంది. 13,290 కి.మీ. దూరం. అది కొంతకాలానికి ఆగిపోవడం మన ప్రాంతానికి నిజంగా లోటు. నేరు విమానం అందుబాటులో ఉంటే ఈ వ్యాసంలోని సగం లెక్కలతో పని ఉండదు.

కాబట్టి గాలిలో గడిచే సమయానికి వేళ్ల మీది లెక్క కంటే టైమ్‌టేబుల్, దానికంటే ఫ్లైట్ ట్రాకింగ్ వెబ్‌సైట్‌లోని రికార్డు నమ్మదగినవి. టైమ్‌టేబుల్‌లో ఉండేది గేటు నుంచి గేటు వరకు పట్టే సమయం. ఆలస్యాలకు కొంత ఊపిరి అందులో ముందే కలిపి ఉంటుంది. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటివాటిలో విమానం నంబరు ఇస్తే, గత కొద్ది రోజుల్లో అది ఎప్పుడు బయలుదేరింది, ఏ దారిలో పోయింది, ఎప్పుడు దిగింది అన్నీ కనిపిస్తాయి. కనెక్షన్ సమయం తక్కువగా ఉన్న టిక్కెట్టు కొనబోతుంటే, ముందు మొదటి అంచె విమానం రికార్డు చూడండి. వారంలో మూడు రోజులు గంట ఆలస్యంగా దిగుతుంటే ఆ టిక్కెట్టు జోలికి పోవద్దు.

గడియారం మాయ

టిక్కెట్టు మీద సమయాలన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలు. హైదరాబాద్‌లో సోమవారం తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి డల్లాస్‌లో సోమవారం సాయంత్రం 4 గంటలకు దిగే టిక్కెట్టు ఉందనుకుందాం. చూడగానే పన్నెండు గంటల ప్రయాణం అనిపిస్తుంది. దిగే సమయాన్ని భారత కాలమానంలోకి మార్చండి. జూలైలో అయితే డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనుక. అక్కడ సోమవారం సాయంత్రం 4 అంటే ఇక్కడ మంగళవారం తెల్లవారుజామున 2:30. ప్రయాణం ఇరవై రెండున్నర గంటలు. అదే సమయాలతో జనవరిలో వెళ్తే తేడా పదకొండున్నర గంటలు కాబట్టి ఇరవై మూడున్నర. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కు జరుగుతాయి. యూరప్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం. ఈ తేదీల మధ్య ఇరుకు వారాల్లో ప్రయాణిస్తే లండన్‌కూ డల్లాస్‌కూ మధ్య తేడా కూడా మామూలుగా ఉండదు. రెండు చివరలనూ భారత కాలమానంలో రాసుకుని తీసివేయడం ఒక్కటే తప్పు రాని పద్ధతి.

దుబాయా, ఫ్రాంక్‌ఫర్టా

ఇప్పుడు అసలు ఎంపికకు వద్దాం. డల్లాస్‌కు దుబాయ్ మీదుగా రెండు అంచెల్లో గాలిలో గడిచేది సుమారు నాలుగు, పదహారు గంటలు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సుమారు తొమ్మిది, పదిన్నర. రెండు మొత్తాలూ ఇరవై గంటలకు కాస్త అటూ ఇటూ. మొత్తం సమానమైనా ఒంటికి సమానం కావు. పదహారు గంటలు ఒకే సీటులో కూర్చోవడం మోకాళ్ల నొప్పులున్నవారికీ, కాళ్ల వాపులు వచ్చేవారికీ కష్టం. అలాంటివారికి ప్రయాణాన్ని మధ్యలో రెండుగా విరిచే యూరప్ దారినే నేను సూచిస్తాను. నిద్ర బాగా పట్టేవారికి, చిన్న పిల్లలున్నవారికి గల్ఫ్ దారి మేలు. చిన్న అంచె మొదట్లోనే అయిపోతుంది, తర్వాత ఒకసారి పడుకుంటే మధ్యలో ఎవరూ లేపరు. అమ్మానాన్నలు ఇద్దరే వెళ్తుంటే, భాష ఇబ్బంది ఉంటే, నేను గల్ఫ్ వైపు మొగ్గుతాను. ఆ విమానాల్లోనూ ఆ విమానాశ్రయాల్లోనూ తెలుగువాళ్లు కనిపిస్తారు, అడిగితే దారి చూపిస్తారు. ఆ ధైర్యం ఏ లెక్కలోనూ కనిపించదు గానీ దానికి విలువ ఉంది.

మధ్యలో ఆగే సమయం రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండేలా చూడండి. గంటంపావు కనెక్షన్ వల్ల మొత్తం సమయం తగ్గి, వెతుకులాట ఫలితాల్లో ఆ టిక్కెట్టు పైన కనిపిస్తుంది. అది తప్పిపోతే తర్వాతి విమానం మరుసటి రోజు కావచ్చు. డల్లాస్ నుంచి ఇంకో ఊరికి విమానం మారాలంటే మరో జాగ్రత్త అవసరం. సాధారణంగా అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ పూర్తిచేసి, పెట్టెలు తీసుకుని, మళ్లీ అప్పగించాలి. అక్కడ మూడు గంటలకు తక్కువ పెట్టుకోవద్దు. రెండు అంచెలకు విడివిడిగా టిక్కెట్లు కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు బాధ్యత ఎవరూ తీసుకోరు. పెద్దవాళ్ల ప్రయాణానికి ఆ పని అసలు చేయవద్దు.

గీత దూరం సరిగ్గా అక్కరకొచ్చే చోటు ఒకటుంది. యూరోపియన్ యూనియన్‌లోని విమానాశ్రయం నుంచి బయలుదేరే విమానం బాగా ఆలస్యమైనా, రద్దయినా ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాలని 2004 నాటి 261వ నిబంధన చెబుతుంది. ఆ మొత్తం దూరాన్ని బట్టి మారుతుంది. 1,500, 3,500 కి.మీ. దగ్గర మెట్లు ఉన్నాయి. ఆ దూరాన్ని గ్రేట్ సర్కిల్ పద్ధతిలోనే కొలవాలని అందులోనే రాసి ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్‌కు తిరిగొచ్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

విజయవాడకు విమానమా, విశాఖకు విమానమా

దగ్గరి ప్రయాణాల్లో గీత మరీ మోసం చేస్తుంది. శంషాబాద్ నుంచి గన్నవరానికి గీత దూరం సుమారు 265 కి.మీ. ఏటీఆర్ విమానంలో గంటకు కాస్త అటూ ఇటూ. కానీ నగరం నుంచి శంషాబాద్ చేరడానికి గంట, అక్కడ గంటన్నర ముందుగా ఉండటం, దిగాక పెట్టెల కోసం ఆగడం, గన్నవరం నుంచి విజయవాడ లోపలికి ఇరవై కిలోమీటర్లు ఇవన్నీ కలిపితే ఐదు గంటలు దగ్గరపడుతుంది. రోడ్డు దూరం 275 కి.మీ. మాత్రమే. కారులో అదే సమయానికి ఇంటి గుమ్మం ముందే దిగవచ్చు. విదేశం నుంచి వచ్చి శంషాబాద్‌లోనే విమానం మారేవారికి తప్ప ఈ దారిలో విమానం వల్ల కలిసొచ్చే సమయం ఉండదు.

విశాఖపట్నం అలా కాదు. గీత 510 కి.మీ., విమానం గంటంపావు. గుమ్మం నుంచి గుమ్మానికి ఐదు గంటల్లో పని అవుతుంది. రైలు దారి 700 కి.మీ. దాకా ఉంటుంది. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్‌కు కూడా ఎనిమిదిన్నర గంటలు కావాలి. మామూలు ఎక్స్‌ప్రెస్‌లకు పదకొండు, పన్నెండు. అయితే రాత్రి రైలెక్కి పడుకుని పొద్దున్నే దిగేవారికి పగటి సమయం ఒక్క గంట కూడా పోదు. తెల్లారి పదింటికి విశాఖలో పని ఉంటే నేను రాత్రి రైలునే చెబుతాను. అదే రోజు వెళ్లి తిరిగి రావాలంటే విమానం తప్ప వేరే దారి లేదు.